చెయ్యి కలిపిన పాపానికి

ఆ ఆదివారం పొద్దున గోవర్ధన్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, అంగడిలో వంకాయలు కొనడం. రెండు, రైస్‌మిల్లు రామ్మూర్తి రమ్మన్నాడు కాబట్టి ఆయన మిల్లు కల్లంలో జరిగే కుస్తీలు కాసేపు చూసి రావడం. ముందు వంకాయలు కొనమని భార్య స్వరాజ్యలక్ష్మి చెప్పింది. కుస్తీలు చూసి వస్తూ కొంటానన్నాడు. తర్వాత జరిగినదానికంతటికీ ఈ వరస మార్పే మూలమని ఆమె ఇప్పటికీ అంటుంది.

గోవర్ధన్‌ది కోదాడ. సూర్యాపేట శాఖా గ్రంథాలయానికి బదిలీ మీద వచ్చి, ఆ పందొమ్మిది వందల అరవై ఏడు శ్రావణానికి నాలుగు నెలలైంది. మహా మర్యాదస్తుడు. చొక్కా మీద ఫరవాలేదు గాని, బనీనుతో నిలబడితే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. జోడీ దొరకని పహిల్వాన్ గోదా చుట్టూ చెయ్యి చాచుకుని తిరుగుతాడనీ, ఆ చేతిలో చెయ్యి వేసినవాడు కుస్తీకి ఒప్పుకున్నట్టేననీ అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు అలా తిరుగుతున్నవాడు మిర్యాలగూడ హమాలీ లక్ష్మయ్య. రెండు బస్తాలు ఒక్కసారే వీపున వేసుకుని నడిచే మనిషి. అతను దగ్గరికి వస్తుంటే జనమంతా చేతులు కట్టుకుని మబ్బుల వంక చూస్తున్నారు. ముందు వరస కుర్చీలో కూర్చున్న గోవర్ధన్‌కు ఇది చాలా మోటుగా తోచింది. పాపం, అంత మనిషి చెయ్యి చాస్తే అందుకునేవాడే లేడా? లేచి, రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చాలా సంతోషమండీ. నా పేరు గోవర్ధన్. లైబ్రరీలో పని చేస్తాను."

డప్పు ధడేలుమంది. "జోడీ కుదిరింది!" అని అరిచాడు కుస్తీలు నడిపించే ఉస్తాదు. "వచ్చే ఐతారం! లైబ్రరీ సారుకు, మిర్యాలగూడెం లక్ష్మయ్యకు!"

వంకాయలు లేకుండా ఇల్లు చేరిన భర్త చెప్పిందంతా స్వరాజ్యలక్ష్మి బియ్యం ఏరుతూ విన్నది.

"తెలియక కలిపానని చెప్పకపోయారా?"

"చెప్పాను. సారు మజాక్ జేస్తుండని నవ్వారు."

"ఆదివారం వెళ్లకపోతే?"

"పారిపోయాడని మూడు రోజులు బజారంతా డప్పు కొట్టిస్తారట. ఆ బజార్లోనే కదా నేను పొద్దస్తమానం కూర్చోవాలి."

స్వరాజ్యలక్ష్మి చేట పక్కన పెట్టింది. వెళితే ఎముకలు పోతాయి, వెళ్లకపోతే పేరు పోతుంది. రెండూ దక్కించుకోవడానికి ఆమెకున్నది వారం.

సోమవారం సాయంత్రం గోవర్ధన్ అట్టయినా నలగని ఒక పుస్తకం పట్టుకొచ్చాడు. "మల్లవిద్య మీద మా దగ్గరున్నది ఇదొక్కటే. తనకన్నా బలవంతుడితో ఎలా తలపడాలో ఒక అధ్యాయమే రాశారు. విను. 'ఎదిరి బలమును ఎదిరి మీదికే త్రిప్పవలెను. అతడు త్రోసిన లాగుము. అతడు లాగిన త్రోయుము.' చూశావా, ఎంత తేలికో!"

"అతను ఊరికే నిలబడితే?"

గోవర్ధన్ పేజీ ముందుకు తిప్పాడు. వెనక్కి తిప్పాడు. "అది రాయలేదు," అన్నాడు.

మంగళవారం తెల్లవారుజాము నుంచి సాధన మొదలైంది. పుస్తకంలోని పట్లలో అతను ధోబీ పాట్ ఎంచుకున్నాడు. ఎదుటివాడి చేతిని భుజం మీదుగా లాగి, చాకిరేవు బండ మీద బట్టను బాదినట్టు నేలకు వేయాలి. ఎదుటివాడుగా పరుపును చుట్టి గోడకు నిలబెట్టాడు. మొదటి రోజు పరుపు వచ్చి అతని మీద పడింది. రెండో రోజూ పరుపుదే గెలుపు.

"అమ్మా, పొద్దుపొద్దున్నే లోపల గా సప్పుడేంది?" అని అడిగింది పాలామె.

"సారు కుస్తీ సాధన చేస్తున్నారు," అన్నది స్వరాజ్యలక్ష్మి. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు. అడగని సంగతులు చెప్పే అలవాటు కూడా లేదు.

పాలామె ఆఖరి ఇంటికి చేరేసరికి, సారు రోజూ నలుగురు పహిల్వాన్లను లేపి నేలకేసి కొడుతున్నాడు. మధ్యాహ్నానికి రామ్మూర్తి లైబ్రరీకి వచ్చాడు. నాలుగు నెలల్లో అక్కడ ఆయన కాలు పెట్టడం అదే మొదలు.

"సార్, జర మాకైనా చెప్పండ్రి. ఏం పట్టు ఏస్తరు?"

పుస్తకం నోటికి వచ్చేసిన గోవర్ధన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "బలానిదేముందండీ? ఎక్కడ పట్టుకోవాలో తెలియాలి."

ఆ మాట బస్టాండు చేరేసరికి నరం పట్టు అయింది. సాయంత్రం మిర్యాలగూడ బస్సెక్కేటప్పటికి, సారు జపానోళ్ల విద్య నేర్చిండట, ఒక్క వేలు ఆనిస్తే చాలు మనిషి చెయ్యి చచ్చుబడుతదట అన్నంత దూరం పోయింది.

శుక్రవారం స్వరాజ్యలక్ష్మి కూడా అదే బస్సెక్కింది. లక్ష్మయ్య భార్య ఆండాలును కలిసి, కాస్త మెల్లగా పడేయమని మొగుడికి చెప్పుకోమందామని ఆమె ఆలోచన. బస్టాండు వెనక మిల్లు కూలీల ఇళ్లలో ఆమె ఇల్లు తేలిగ్గానే దొరికింది. తానెవరో చెప్పిందో లేదో, ఆండాలు కాళ్ల మీద పడిపోయింది.

"నీ కాళ్లు మొక్కుత తల్లీ! మా ఆయనకు రెండు దినాల సంది బువ్వ లోపలికి పోతలేదు. మీ సారు ముట్టుకుంటె చెయ్యి పడిపోతదట గద! మూటలు మోసే చెయ్యమ్మా అది. అదే పోతే మేమేం తిని బత్కాలె?"

"అయ్యో, లే ఆండాలూ. మరి కుస్తీకి రానని చెప్పెయ్యొచ్చు కదా?"

"గదెట్లయితదమ్మా? ముందుగాల చెయ్యి సాపింది ఈయననే. పేట పేటంత నవ్వదా?"

స్వరాజ్యలక్ష్మి గడపలోంచి లోపలికి చూసింది. లక్ష్మయ్య మూలన చాప మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతిని తువ్వాలలో చుట్టి, నిద్రపోయే పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు.

నిజమంతా చెబితే భర్త పేరు పోతుంది. ఏమీ చెప్పకుండా బస్సెక్కితే ఈ మనిషికి ఆదివారం దాకా తిండి ఉండదు. ఆమె ఒక్కో మాటా చూసుకుని మాట్లాడింది.

"మా ఆయన నరాల జోలికి పోరు. ఆయన నేర్చుకున్నది ఒక్కటే. మీరు తోస్తే లాగుతారు, మీరు లాగితే తోస్తారు. మీరు రెండూ చేయకపోతే ఆయన చేయగలిగింది ఏమీ లేదు."

"అంటే ఊకె నిలవడాల్నా?" అన్నది లోపలి నుంచి భారీ గొంతు.

"ఊరికే నిలబడాలి."

లక్ష్మయ్య చేతి మీది తువ్వాల కాస్త వదులు చేశాడు. "నిలవడుడు నాకొస్తది," అన్నాడు. తర్వాత భార్యను అన్నం పెట్టమన్నాడు.

ఇంటికి వచ్చాక భర్తకు కూడా ఒక మాట చెప్పింది. "మీరు ముందు చెయ్యి వేయకండి. పుస్తకంలో ఉన్నట్టు, ఆయన తోసేదాకా ఆగండి."

"సూత్రమే అది!" అన్నాడు గోవర్ధన్, నడుం పట్టుకుని.

ఆదివారం కల్లం నిండిపోయింది. రామ్మూర్తి భార్య రుక్మిణమ్మతో కలిసి స్వరాజ్యలక్ష్మి మిల్లు మేడ మీద కూర్చుంది. డప్పు మోగింది. బనీను విప్పనని భీష్మించుకున్న గోవర్ధన్ ఒక పక్క, లక్ష్మయ్య ఒక పక్క గోదాలోకి దిగి, ఎదురెదురుగా చేతులు చాచి వంగి నిలబడ్డారు. అలాగే నిలబడ్డారు.

అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది.

"గిదేం కుస్తీ పిల్లా? ఫొటో దిగుతుండ్రా ఏంది?" అన్నది రుక్మిణమ్మ.

కింద రామ్మూర్తి జనాన్ని గదిమాడు. "ఊకోండ్రి! సారు సూపుతోని పట్టిండు. ఇగ కదిలినోడు ఖతం!"

లక్ష్మయ్య ముక్కు మీద ఈగ వాలింది. అతను తోలలేదు. జనం ఊపిరి బిగబట్టారు. ఈగకే విసుగొచ్చి లేచిపోయింది. ఇంతలో సన్నగా జల్లు పట్టింది. పక్కన ఆరబోసిన వడ్లను కుప్ప చేయడానికి హమాలీలు ఉరికారు. గోదాలో ఇద్దరి ముక్కుల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి గాని కాళ్లు కదల్లేదు. అరగంటకు ఉస్తాదు తడిసిన తలపాగా పిండుకుంటూ మధ్యలోకి వచ్చాడు.

"బరాబర్!" అని ఇద్దరి చేతులూ పైకెత్తాడు. "ఓడినోడు లేడు, గెలిసినోడు లేడు! గిసువంటి జోడిని నా ఉమర్ల సూడలే!"

లక్ష్మయ్య కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే ఆడించి చూసుకున్నాడు. అయిదూ ఆడాయి. అంత పహిల్వానూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. జనం గోవర్ధన్‌ను భుజాల మీదికెత్తుకున్నారు. ఎముకలు దక్కాయి, పేరూ దక్కింది, మిర్యాలగూడలో ఒక చెయ్యి కూడా దక్కింది. వారం రోజుల తర్వాత స్వరాజ్యలక్ష్మి మొదటిసారి తీరికగా ఊపిరి పీల్చుకుంది.

ఆ తీరిక ఇంటికి వచ్చి తల తుడుచుకునేంతవరకే.

"చూశావా స్వరాజ్యం? నా కళ్లలోకి చూడగానే కొయ్యబారిపోయాడు!" గోవర్ధన్ తడి బనీనుతోనే గదిలో అటూ ఇటూ నడుస్తున్నాడు. "అసలు బరాబర్ ఏమిటి? ఇంకో రెండు నిమిషాలైతే కూలబడేవాడు. ఉస్తాదుకు చెప్పి వచ్చాను, వచ్చే నెల మిర్యాలగూడలోనే తేల్చుకుంటామని. ఈసారి ఆగేది లేదు."

"ఆగకుండా?"

"ముందు నేనే తోస్తాను!"

గెలిచానని నమ్మిన మగవాడి మీద ఏ పట్టూ నిలవదని స్వరాజ్యలక్ష్మికి తెలుసు. పారిపోయినవాడి పేరున డప్పు కొడతారు గాని, సర్కారు బదిలీ చేసినవాడికి పూలదండ వేసి పంపుతారు. సోమవారం పొద్దున ఒక తెల్లకాగితం తీసి, గుండ్రని అక్షరాలతో బదిలీకి దరఖాస్తు రాసింది. కారణం దగ్గర 'ఆరోగ్యరీత్యా' అని రాసింది. ఎవరి ఆరోగ్యమో రాయలేదు.

రోజంతా పుస్తకాల మధ్య ఉండే మనిషి కాబట్టి, గోవర్ధన్ చదవకుండానే సంతకం పెట్టాడు.