సూదయ్య గీసిన నలభై ఒకటో గడి

ఒక పెద్ద అడవిలో, అడవి ఎంత పెద్దదైనా తేనె అంగడి మాత్రం ఒక్కటే ఉండేది. అది ఎలుగమ్మది. తేనె తీయడంలో ఆ ఎలుగుబంటిని మించినవారు లేరు. అంగడి ముందున్న పలకరాయి మీద ధరల నిబంధన రాసి ఉండేది. అందులో మూడే గడులు: సరుకు, కొలత, ధర. దొప్పెడు తేనెకు రెండు దోసిళ్ల ఇప్పపూలు.

ఆ నిబంధన రాసినవాడు సూదయ్య అనే ఏదుపంది. ఒంటినిండా కలాలే కాబట్టి అడవికి గుమాస్తా అయ్యాడు. వేరే అర్హత ఏముందని ఎవరూ అడగలేదు. అతనూ తనను తాను ప్రశ్నించుకోలేదు.

ఎలుగమ్మకు ఒక అలవాటు ఉండేది. దొప్ప నింపాక వచ్చినవారి మొహం చూసి నాలుగు చుక్కలు కొసరు పోసేది. కడుపుతో ఉన్న దుప్పికి కాస్త ఎక్కువ, దగ్గుతున్న ముసలి ఉడుముకు ఇంకాస్త ఎక్కువ. అయినదానికీ కానిదానికీ నోరు పారేసుకునే కొండముచ్చుకు మాత్రం చుక్క కూడా రాలేది కాదు.

ఆ కొండముచ్చే ఒకరోజు సూదయ్య దగ్గర గోల పెట్టాడు. "దుప్పికి కొసరేమిటి, నాకు లేకపోవడమేమిటి? ఇదేం న్యాయమండీ గుమాస్తాగారూ?"

'గుమాస్తాగారూ' అన్న పిలుపుకే సూదయ్య ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "నిజమే. మొహం చూసి పోస్తే ఎలా? దేనికైనా ఒక గడి ఉండాలి" అన్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది. ఒక ముల్లు పీకి, ఆకుపసరులో ముంచి, "కడుపుతో ఉన్నారా?" అని మొదటి గడి గీశాడు. తర్వాత "దగ్గు ఎన్నాళ్లనుంచి?" కుందేలు వచ్చి "నాది చిన్న నోరండీ" అంటే నోటి వెడల్పుకొకటి. తోక పొడవుకు ఎందుకు గీశాడో అతనికే తెలియదు. రాయి మీద జాగా మిగిలింది, అంతే. "ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నాడు. సూదయ్యను చూసి నవ్వుకోవడం తేలికే గానీ, జాగా కనిపిస్తే మనం మాత్రం ఊరుకుంటామా?

నలభై గడులయ్యాయి. తనవాళ్లకు మేలు చేసుకుంటున్నాడని ఎవరూ అనకూడదని నలభై ఒకటోది గీశాడు: "నిబంధన రాసినవారికి మీరేమవుతారు?" దాని కింద ఎంచుకోవడానికి భార్య, బావమరిది, మేనమామ, వేలువిడిచిన చుట్టం, ఏమీ కారు అని రాశాడు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ధర పలకరాదన్నాడు. అబద్ధం చెబితే ఏడాదిపాటు తేనె బంద్ అన్నాడు. మార్పులేవైనా కావాలంటే గుమాస్తాకు అర్జీ పెట్టి ఏడు రోజులు ఆగాలన్నాడు. తనిఖీకి కొండముచ్చును అంగడి కప్పు మీద కూర్చోబెట్టాడు.

దుప్పి ముప్పయ్యో గడికి వచ్చేసరికి అక్కడే ఈనింది. మొదటి గడికి జవాబు మారింది కాబట్టి మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు కొండముచ్చు.

ఇంతలో సూదయ్య భార్య ముల్లమ్మకు జ్వరం తగులుకుంది. మూడు రోజులు నోట్లో నీళ్లు కూడా నిలవలేదు. వైద్యం చేసే ముంగిస నాడి చూసి, "నాలుగు చుక్కల తేనె నాలుక మీద పడకపోతే ఈవిడ మనకు దక్కదు. పరుగెత్తు" అంది.

సూదయ్య పడుతూ లేస్తూ అంగడికి చేరాడు. "అక్కా, తేనె!"

ఎలుగమ్మ గరిటె ఎత్తింది. కప్పు మీద కొండముచ్చు గొంతు సవరించుకున్నాడు. ఎలుగమ్మ గరిటె దించింది.

"తోక పొడవెంత?" అని అడిగింది.

"బెత్తెడు."

"నోటి వెడల్పు?"

"అక్కా, అవతల ముల్లమ్మ పోయేట్టుంది!"

"నేనేం చేయనయ్యా, రాసింది నువ్వు."

ఎలాగో నలభై దాటాడు. "నిబంధన రాసినవారికి నువ్వేమవుతావు?" అని అడిగింది ఎలుగమ్మ.

"నేనే కదక్కా రాసింది!"

"నేనే అన్నది ఇందులో లేదు. భార్యవా?"

"కాదు."

"బావమరిదివా?"

"నాకు నేను బావమరిదిని ఎలా అవుతానక్కా? ఏమీ కానని రాసెయ్యి!"

"అది అబద్ధం. ఏడాది తేనె బంద్" అన్నాడు కొండముచ్చు పైనుంచి. "గుమాస్తాకు అర్జీ పెట్టి ఏడు రోజులాగండి, గుమాస్తాగారూ."

సూదయ్య అక్కడే కూలబడి బావురుమన్నాడు. తన ముల్లు తనకు గుచ్చుకోవడం అదే మొదటిసారి.

ఎలుగమ్మ అతని మొహం చూసింది. గరిటె తీసి దొప్పలో నాలుగు చుక్కలు పోసింది.

"ధర పలక్కుండానా?" అని అరిచాడు కొండముచ్చు.

"అమ్మితే కదా ధర! ఇది కొసరు. ఏ గడిలో ఉందో వెతుక్కో."

కొండముచ్చు దిగివచ్చి నలభై ఒక్క గడులూ వెతికాడు. కొసరు అన్న మాటే ఎక్కడా లేదు. లేనిదాన్ని తనిఖీ చేయడం అతనికి చేతకాలేదు. అప్పటికే సూదయ్య ఇంటి దారి పట్టాడు.

ముల్లమ్మ బతికింది. "ఇన్ని గడులు గీసి అసలుదే మర్చిపోయాను. నాకంటే మూర్ఖుడు ఉంటాడా?" అని సూదయ్య తనను తాను తిట్టుకుని నవ్వాడు. "ముందు వెళ్లి అవన్నీ చెరిపేసి రా" అంది ముల్లమ్మ.

మర్నాడు పొద్దున్నే గుప్పెడు తడినాచు పట్టుకుని పలకరాయి ముందు నిలబడ్డాడు. దుప్పి, కుందేలు, ముసలి ఉడుము అందరూ వచ్చి ఆశగా చూస్తున్నారు. సూదయ్య చెయ్యి ఎత్తాడు. రాతి మూల కాస్త జాగా కనిపించింది.

నాచు కింద పెట్టి, ఒక ముల్లు పీకి, నలభై రెండో గడి గీశాడు: "కొసరు కావాలా?"

ఇందులో నీతి కావాలంటే ఇంతే: తప్పు తెలిసొచ్చిన గుమాస్తా దాన్ని చెరపడు, దానికీ ఒక గడి కేటాయిస్తాడు.