నవ్వని క్లాసు, మత్తు సూది

"ఈ ఊళ్లో నేరస్థులు హాయిగా నిద్రపోతున్నారంటే కారణం ఒకటేరా. నేనింకా పూర్తిగా మేలుకోలేదు," అన్నాడు మా బావ, ఉప్పు డబ్బాలో చక్కెర కోసం స్పూను తిప్పుతూ.

బావకి కళ్లజోళ్ల షాపు ఉంది. డిటెక్టివ్ అనే బిరుదు మాత్రం తనకు తనే ఇచ్చుకున్నాడు. ఆయనకు అసిస్టెంటుగా ఉండే ఖర్మ, అక్కకి తమ్ముడిగా పుట్టినందుకు నాకు పట్టింది.

ఈసారి కేసు మా అక్కదే. లైబ్రరీ మేడమీద గదిలో ఆమె సాయంత్రాలు హాస్య కథలు రాయడం నేర్పుతుంది. వారం రోజులుగా క్లాసులో ఒక్కరూ నవ్వడం లేదు. కింద కూర్చునే లైబ్రేరియన్ గారికి అనుమానం వచ్చి, శనివారం స్వయంగా వచ్చి వింటానన్నారు. నవ్వు వినపడకపోతే గదిని కుట్టు మిషన్ల క్లాసుకి ఇచ్చేస్తారట.

"నాకు పాఠం చెప్పడం రాదేమోరా," అంటూ అక్క కళ్లు తుడుచుకుంది. తరుగుతున్నది ఉల్లిపాయలు కాదు, బంగాళాదుంపలు. నాకు చాలా బాధేసింది.

బావ లేచి నిలబడ్డాడు. "ఇది పట్టపగలు జరిగిన నవ్వుల దోపిడీ."

"క్లాసు సాయంత్రం కదా బావా."

"అయితే పట్టసాయంత్రం."

విద్యార్థుల్లో ఒక పళ్ల డాక్టరమ్మ ఉందని తెలియగానే ఆయనకి కేసు తేలిపోయింది. "దవడకి మత్తు సూది. మూతులు మొద్దుబారితే నవ్వెలా వస్తుందిరా?"

"వాళ్లకి తెలీకుండా సూది ఎలా పొడిచింది?"

"అదే మరి ఆవిడ చేయి తిరిగినతనం."

మర్నాడు బావ లైబ్రరీ మెట్ల మీద మాటేసి, క్లాసుకి వస్తున్న రిటైరైన బస్సు కండక్టరు బుగ్గ గిల్లాడు.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టిందండీ."

"అబద్ధం. పుడితే అరిచేవారు." ఇంకా గట్టిగా గిల్లాడు. ఆయన కెవ్వుమన్నాడు. "నటన," అని బావ నాకేసి చూసి తలూపాడు.

శనివారం బావ మారువేషంలో వచ్చాడు. అతికించిన మీసం, షాపులోకెల్లా నల్లటి కళ్లజోడు. గుమ్మంలోనే కండక్టరు బుగ్గ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "నమస్కారం, మేడమ్ గారి భర్త కదూ," అన్నాడు.

అక్క తన కథల్లోకెల్లా మంచిది చదివింది. నేను వెనక బల్ల మీద పొట్ట పట్టుకున్నాను గానీ, తమ్ముడి నవ్వు లెక్కలోకి రాదు. విద్యార్థులు మాత్రం పరామర్శకి వచ్చినట్టు కూర్చున్నారు. లైబ్రేరియన్ గారు గోడల పొడవు చూస్తున్నారు, మిషన్లు ఎన్ని పడతాయో అనేమో.

"ఎవరూ కదలొద్దు," అని లేచాడు బావ. నల్ల కళ్లజోడులోంచి ఏం కనిపించిందో గానీ, డాక్టరమ్మని దాటి, పక్కనున్న స్టాండు ఫ్యాను ముందు నిలబడ్డాడు. "సూది ఎక్కడ దాచావు తల్లీ?"

ఫ్యాను అటూ ఇటూ తలూపింది.

"బుకాయించకు."

మళ్లీ ఊపింది. ఆ గాలికి మీసం ఒక కొస ఊడి, బావ చెంప మీద టపటపా కొట్టుకుంది. ఆయన ముఖంలో గాంభీర్యం మాత్రం చెక్కు చెదరలేదు.

ముందు కండక్టరు పడిపోయాడు. బల్ల కిందికి జారి, పగలబడి నవ్వుతూ, "ఓడిపోయాను. టీలు నావే," అన్నాడు. వెనకే క్లాసంతా గొల్లుమంది.

"ఏం టీలు?" అంది అక్క.

"నవ్వించేవాడు తను నవ్వకూడదని మూడో పాఠంలో మీరే కదా మేడమ్ చెప్పారు. ఆ సాధనే ఇది. ముందు నవ్వినవాళ్లు అందరికీ టీ ఇప్పించాలని పందెం వేసుకున్నాం. మీ కథలకి నవ్వు ఆపుకోలేక బుగ్గలు లోపల కొరుక్కుని పుళ్లు పడ్డాయి," అన్నాడు కండక్టరు.

"రోజూ మందు రాసేది నేనే," అంది డాక్టరమ్మ.

లైబ్రేరియన్ గారు కళ్లు తుడుచుకుంటూ, "మిషన్లు కింద పెట్టిస్తాను లెండి," అన్నారు.

"నవ్వకూడదన్నది రాసేవాళ్లకి పాఠమండీ, వినేవాళ్లకి కాదు," అంది అక్క. ఈసారి ఆమె కళ్లలో నీళ్లు నవ్వుకి వచ్చినవే. ఇంకా ఫ్యానుని గద్దిస్తున్న బావని వేలితో చూపించింది. "మూడో పాఠానికి ఉదాహరణ కోసం ఎన్ని పుస్తకాలు తిరగేశానో. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను."

"విన్నావురా? అందరికీ మత్తు దిగిపోయింది," అన్నాడు బావ నాతో. "ఇక ఈవిడ నేరం ఒప్పుకోవడమే మిగిలింది."

నేను వెళ్లి స్విచ్ ఆపాను. ఫ్యాను తల ఊపడం మానేసింది.

"లొంగిపోయింది," అన్నాడు బావ.