పట్టుదారంతో కట్టిన ఫోన్లు

ఆ సోమవారం పొద్దున ఈశ్వరప్ప అనుకున్నది చిన్న పనే: ధర్మవరం అంగడి తెరిచి, దీపం పెట్టి, పెళ్ళిళ్ళ సీజను పట్టుచీరలకు ఆర్డర్లు రాసుకోవడం. ధర్మవరం, హిందూపురం, పెనుకొండల్లోని తన మూడు అంగళ్ళకూ కలిపి ఈ మధ్యే ఇంటర్నెట్ ఫోను మిషను పెట్టించాడు. నంబరు ఒకటే. ఏ అంగడి కావాలంటే ఆ అంగడికి ఫోను దానంతటదే కలుస్తుంది. ఆ నంబరును ఐదువేల సంచుల మీద అచ్చు వేయించాడు కూడా.

దీపం వెలిగించేలోపే నోటీసు వచ్చింది. ఫోను అలా దానంతటదే అంగడి మారడం మా పేటెంటు, వెంటనే ఆపండి, లేదా నష్టపరిహారం కట్టండి అని ఎవరో పేరు వినని కంపెనీవాళ్ళు రాశారు.

"ఆ మిషను అమ్మినోణ్ణి అడగల్ల గదా నాయనా?" అంది కూతురు వాసవి.

"అడుగుదామంటే వాడి ఫోనే కలవల్యా."

"అట్లయితే నంబరు మార్చేద్దాం."

"ఐదువేల సంచులు ఏం జేస్తావు, కూరగాయలు తెస్తావా? నంబరు మార్చేది లేదు. దానంతటది కలిస్తేనే గదా తప్పు? నేను కలుపుతా, చేత్తో!"

నోటీసు ఫొటోను పెనుకొండ లాయరు అమర్‌నాథ్‌కు పంపి, ఆ నంబరుకొచ్చే ఫోన్లను తన సెల్‌ఫోన్లకు మళ్ళించి, ఈశ్వరప్ప మిషను తీగ పీకేశాడు. పుట్టింది మగ్గాల ఇంట్లో. పాత పోగుకు కొత్త పోగు అతికినట్టే, ఒక సెల్‌ఫోను చెవికి ఇంకో సెల్‌ఫోను నోరు ఆనించి పట్టుదారంతో ముడేశాడు. ఒకదాంట్లో గిరాకీ, ఇంకోదాంట్లో హిందూపురం అంగడి. మధ్యాహ్నానికి బల్ల మీద నాలుగు ఫోన్లు చేరాయి.

అప్పుడే చెన్నేకొత్తపల్లి నుంచి రామలక్ష్మమ్మ, అమరాపురం నుంచి నీలావతి ఒకేసారి ఫోను చేశారు. కాబోయే వియ్యపురాళ్ళు. రామలక్ష్మమ్మ కోడలికి ఎంచిన ముహూర్తం చీర హిందూపురంలో ఉంది కాబట్టి ఇద్దరూ ఆ అంగడినే అడిగారు. తొందరలో ఈశ్వరప్ప వాళ్ళిద్దరినే కలిపి ముడేశాడు.

"ఏమప్పా, ఆ పెద్దంచు చీర వద్దు, తక్కువ రకం పెట్టు. అమరాపురమోళ్ళకు పట్టేందో నూలేందో యాడ తెలుస్తాది!" అంది రామలక్ష్మమ్మ, హిందూపురం అంగడే కలిసిందనుకుని.

"బాగా తెలుస్తాదిలే వదినా," అంది నీలావతి.

ఈశ్వరప్ప గబగబా ముడి విప్పబోయాడు. తాను వేసిన ముడి, ఊడితే కదా!

"ఇంత పిసినారి ఇంటికి మా పిల్లనియ్యం. పెండ్లీ వద్దు, చీరా వద్దు!"

"అమ్మా, తప్పు నాది!" అని ఈశ్వరప్ప రెండు ఫోన్ల మధ్య మొత్తుకున్నాడు.

"పిసినారోళ్ళమా మేము?" రామలక్ష్మమ్మకు రోషం వచ్చింది. "ఈశ్వరప్పా, నీ అంగట్లో అన్నిటికన్నా మంచి చీర తీయ్. ఈ యమ్మకూ ఒకటి!"

"మాకు ఊరికే ఎవరూ ఇయ్యక్కర్లేదు. వాళ్ళకు మేము రెండు పెడతాం, రాసుకో!"

ఇద్దరూ అలిసిపోయేసరికి పెళ్ళి నిలిచింది. పుస్తకంలో ఏడు చీరలు పడ్డాయి.

సాయంత్రం అమర్‌నాథ్ ఫోను చేశాడు. "ఆ పేటెంటు పరాయి దేశంలో తీసుకున్నారప్పా. మన దేశంలో తీసుకోలేదు. ఈడ చెల్లదు. మిషను నిశ్చింతగా పెట్టుకో."

వాసవి సంతోషంగా తీగ అందుకుంది.

"ముట్టుకోవద్దు!" అన్నాడు ఈశ్వరప్ప. "ఆ మిషను ఎప్పుడన్నా ఒక్క పెండ్లికి ఏడు చీరలు అమ్మిందా?"

రెండో రోజుకు ఎదురంగడి బల్ల మీదా దారంతో కట్టిన ఫోన్లు కనిపించాయి. ఈశ్వరప్ప ఒళ్ళు మండింది. తనకు వచ్చిన నోటీసు బయటికి తీసి, కంపెనీ పేరు కొట్టేసి, తన అంగడి పేరు రాశాడు.