గుట్టెక్కడానికి కావలసిన సామగ్రి

ఆడపిల్ల గుట్టెక్కుతానంటే కాదనే కాలం పోయిందని, కల్వకుర్తిలో ఎరువుల దుకాణం నడుపుతున్న దుర్గయ్య గారి కుటుంబం ఇందుమూలంగా సకల బంధుమిత్రులకూ తెలియజేస్తోంది. ఆ ఇంట్లో "వద్దు" అన్న మాటే లేదు. "ముందు మంచి జర్కిన్ కొందాం" అన్న మాట మాత్రమే ఉంది.

దుర్గయ్య కూతురు ఉమారాణి ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఊరవతల గుట్టను పుట్టినప్పటి నుంచీ తమ మిద్దె మీద నిలబడి చూస్తూనే ఉంది. ఆ గుట్ట మీద నిలబడి తమ మిద్దెను ఒక్కసారి చూడాలని ఆమెకు పట్టరాని ఆశ. తోటి టీచరు నిషాత్ ఆదివారం పొద్దున నలుగురితో ఎక్కి సాయంత్రానికి దిగుతున్నామని చెప్పి, "నువ్వు గూడ రారాదే" అని పిలిచింది. తుంపరను ఆపే పలుచని జర్కిన్, జారని బూట్లు, వీపుకు సంచి, తాగే నీళ్లు, ఆపదలో ఊదేందుకు ఒక ఈల ఉంటే చాలని ఉమారాణి అన్నీ కనుక్కుంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత పోయి నాయినను అడిగింది.

"పో బిడ్డా, ఎవలొద్దన్నరు? గని పానం ముఖ్యం. జర్కిన్ జర గట్టిది చూద్దాం" అన్నాడు దుర్గయ్య. ఆ ఉదారతకు ఉమారాణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత కూడా తిరిగాయి గానీ, అవి వేరే నీళ్లు.

జర్కిన్ ఎంపికకై కుటుంబసభ సమావేశమైంది. మేకలు రోజూ ఎక్కి దిగే ఆ గుట్ట మీద ఎన్నడైనా మంచు పడితే ఏం గతి అని అధ్యక్షుల వారైన దుర్గయ్య ఆందోళన వెలిబుచ్చారు. తప్పిపోతే దూరం నుంచి కనబడాలి కనుక ఎర్రది కొనాలన్నాడు అన్న శివకృష్ణ. వయసు పిల్ల అంత దూరం నుంచి అందరికీ ఎందుకు కనబడాలి, బూడిదరంగు చాలంది తల్లి గుర్వమ్మ. మోకాళ్లు దాటి ఉండాలనీ, పెళ్లయ్యాక కూడా పనికొచ్చేలా వదులుగా ఉండాలనీ మాత్రం తీర్మానం ఏకగ్రీవమైంది. ఈలోగా ఆ ఆదివారం గడిచిపోయింది.

"దుర్గన్నా, గిది మంచు పడే కాడ తొడుక్కునేది. గుట్టెక్కితే బిడ్డ ఉడికిపోతది" అని బట్టల దుకాణం పీర్ మహమ్మద్ మొత్తుకున్నాడు. అంత మందమైన సరుకని రూఢి అయ్యాక దుర్గయ్య ఇంకేదీ చూడలేదు. కొన్నదాన్ని పరీక్షించాలి గదా! శివకృష్ణ దాన్ని తొడుక్కొని, ఎవరినీ అడగకుండా, దోస్తులతో బైకు మీద శ్రీశైలం దాకా పోయొచ్చాడు. లోపలికి చుక్క నీరు రాలేదనీ, బయటికి చుక్క చెమట పోలేదనీ నివేదిక సమర్పించాడు. ఆ విధంగా రెండో ఆదివారం కూడా సద్వినియోగమైంది.

కొత్త బూట్లు కరుస్తాయి కనుక ఇంట్లోనే అలవాటు చేసుకోవాలని ఆజ్ఞ వెలువడింది. ఉమారాణి బూట్లతోనే జొన్నరొట్టెలు చేసింది, బూట్లతోనే బట్టలు ఆరేసింది. ఈల విషయంలో గుర్వమ్మ స్పష్టమైన మార్గదర్శకాలు జారీ చేసింది. "ఆపదొస్తెనే ఊదాలె. ఆపదొచ్చినా మెల్లగ ఊదాలె. ఆడపిల్ల ఈలేసిందంటరు."

మూడో శనివారానికి సామగ్రి అంతా సిద్ధమై మంచం మీద కుప్పగా చేరింది. ఆ కుప్పను చూడగానే దుర్గయ్య గుండె ఝల్లుమంది. "అమ్మో! గిన్ని సామాన్లు గావాల్నంటే గా గుట్ట ఎంత డేంజరో చూడు! నేను వద్దంటలేను బిడ్డా. వచ్చే ఏడు చూద్దాం."

ఇన్ని వారాలూ ఉమారాణి కోసం ప్రయాణం వాయిదా వేసిన నిషాత్, మర్నాడు గుట్ట మీది నుంచి ఫోన్ చేసి, "ఉమా, మీ మిద్దె కనబడ్తాందే!" అని అరిచింది. ఉమారాణి జర్కిన్‌లో ముఖం దాచుకొని ఏడ్చింది. జర్కిన్ లోపలికి చుక్క కూడా ఇంకలేదు, నివేదిక నిజమే.

పై ఆదివారం తెల్లవారుతుండగా పక్కింటి బిక్షమ్మ గంప చంకన పెట్టుకొని సీతాఫలాల కోసం గుట్టకు బయలుదేరింది. ఉమారాణి ఒక్క క్షణం ఆలోచించింది.

"నాయినా, పెద్దమ్మతోని సీతాఫలాలకు పోతున్న."

దుర్గయ్య పేపరులోంచి తల ఎత్తలేదు. "పో. కండ్లు విచ్చిన కాయలే తెంపు. పచ్చివి తెస్తే పండయి."

"చిన్న గంపతోటి ఏమైతది, పెద్దది తీస్కపో" అని వంటింట్లోంచి గుర్వమ్మ కేకేసింది.

ఎండ గురించీ, తుంపర గురించీ ఎవరూ అడగలేదు. ఉమారాణి పాత చున్నీ నడుముకు బిగించి అదే గుట్టెక్కింది. పైనుంచి తమ మిద్దె అగ్గిపెట్టెంత కనిపించింది. కడుపు నిండా నవ్వుకొని, కాసేపు అక్కడే కూర్చుంది. సాయంత్రం మెడ వంగిపోయేంత బరువుతో దిగింది. పండ్లు పంచుతూ దుర్గయ్య, "మా బిడ్డకు భయమంటే ఏందో తెల్వదు" అని వాడంతా చెప్పుకున్నాడు.

కావున గుట్టెక్కదలచిన ఆడపిల్లలకు మనవి. చూసి వస్తామని చెప్పకండి, ఏదైనా మోసుకొస్తామని చెప్పండి. మీ క్షేమం గురించి ఆ తర్వాత మేమెవ్వరమూ బెంగపడం.