తవిటయ్య వణుకు పరిమితిలోనే ఉంది

ఆవిరిని చల్లార్చి నీళ్లు చేసే కండెన్సరులో ఒక గొట్టం తక్కువ పడడంతో, థర్మల్ కేంద్రం వారు అసిస్టెంట్ ఇంజనీరు బొడ్డేపల్లి తవిటయ్యను ఆ స్థానంలో డిప్యుటేషన్ మీద బిగించారు. మనిషిని గుండ్రటి గొట్టంగా లెక్కవేయడం మా ఇంజనీర్లకు కాలేజీ రోజుల నుంచీ అలవాటే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పొడవు చాలకపోతే రెండు పక్కలా లాగి సరిచేశారు.

పని కష్టమేమీ కాదు. లోపల సముద్రపు నీళ్లు పోతుంటాయి, బయట ఆవిరి తగులుతుంటుంది. అయితే ఆవిరి బుద్ధిగా రాలేదు. ముందు వరస గొట్టాలను దాటి, సుడులు తిరిగి, ఒకసారి పైనుంచీ ఒకసారి కిందినుంచీ కొట్టింది. తవిటయ్య వణకడం మొదలుపెట్టాడు. మూడో రోజు తనిఖీకి వచ్చిన కమిటీకి మొరపెట్టుకున్నాడు. ఆ కమిటీలో ఇది రాస్తున్నవాడూ ఉన్నాడు.

“పక్క గొట్టానికి తగిలేస్తన్నాను సార్. నడుం కాడ అరిగిపోయింది. ఇంకో నెల్లాళ్లలో చిల్లు పడిపోతాది. నన్ను బయటికి తీసీండి.”

చీఫ్ ఇంజనీరు శేషగిరిరావుగారు ఫైలు తెప్పించారు. నిరుడు ఆ కండెన్సరు కంపనాల మీద నివేదిక రాసింది తవిటయ్యే. సుడులను లెక్కకట్టడం తన వల్ల కాక, ఆవిరి నిదానంగా, సమంగా వస్తుందని అనుకుని, వణుకు పరిమితిలోనే ఉందని తేల్చేశాడు. కింద మా సంతకాలున్నాయి. చదవకుండా పెట్టామని ఎవరైనా అంటే కాదనలేం. ఇప్పుడు వణుకు ఎక్కువని ఒప్పుకుంటే మేమంతా దద్దమ్మలమని ఒప్పుకోవాలి. అది అతనికే మంచిది కాదని నచ్చజెప్పాం.

చిల్లు పడేలా ఉన్న గొట్టానికి రెండు చివరలా బిరడాలు కొట్టడం మా దగ్గర రివాజు. నూటికి పది గొట్టాల దాకా కొట్టవచ్చు, మేమింకా ఆరు దగ్గరే ఉన్నాం. తవిటయ్యకూ కొట్టేశాం. బిరడా నీళ్లను ఆపుతుందే గాని వణుకును ఆపదు. ఆ సంగతి అందరికీ తెలుసు. కాని నోటికి బిరడా పడ్డాక ఫిర్యాదు మాత్రం రాలేదు.

వారం తర్వాత అతని భార్య అప్పలకొండ చూడడానికి వచ్చింది. కండెన్సరు ఉక్కు గోడ మీద చెయ్యి ఆనించమన్నాం. ఆమె ఆనించింది, లోపలి వణుకు అరచేతికి తగిలింది. ఏమంటుందోనని మాకు భయం వేసింది.

“ఇంటి కాడా ఇలాగే ఉండీవోరు బాబూ,” అంది. “నిద్దట్లో కూడా ఆగీది కాదు. ఉజ్జోగమంటే ఇంతే కామోసని ఊరుకున్నాను.”

మా గుండెల మీది బరువు దిగింది. కంపనం డిప్యుటేషన్‌కు ముందు నుంచీ ఉన్నదేననీ, కండెన్సరుకు సంబంధం లేదనీ రాశాం. ఆమె సంతకం చేసింది, తర్వాత మేమూ చేశాం. చేస్తున్నప్పుడు మాలో ఒక్కరి చెయ్యీ కుదురుగా లేదు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, చాలా ఏళ్లుగా మా అందరి సంతకాలూ అలాగే వస్తున్నాయి.