కిటికీ గట్టు మీది అర డాలరు

ఆ బుధవారం ఉదయం ఆర్విల్ టెష్ వేసుకున్న పథకంలో భయపడాల్సిందేమీ లేదు. మా హోల్బ్రూక్ బ్యాంకు నుంచి తెచ్చుకున్న పెట్టెడు అర డాలర్ల కట్టలు విప్పాలి. ఒక్కొక్క నాణెమూ చూసి, అర డాలరు కంటే ఎన్నో రెట్లు విలువైన పాతకాలపు వెండిది తగిలితే ఉంచుకోవాలి. మిగిలినవాటిని మళ్లీ కాగితాల్లో చుట్టి, పక్క ఊరు ఎల్క్‌టన్ బ్యాంకులో ఇచ్చేసి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. సాయంత్రం మాజీ సైనికుల లీజియన్ హాల్లో జరిగే షీప్‌స్‌హెడ్ పేకాట పోటీకి భార్య వెర్నాను తీసుకెళ్లాలి. జున్ను ఫ్యాక్టరీలో పని మానేసినప్పటి నుంచి అతని బుధవారాలు చాలావరకు ఇలాగే గడుస్తున్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమే వ్యాపకంగా పెట్టుకున్నవాళ్లు విస్కాన్సిన్‌లో అతనొక్కడే కాదు.

ఈ వేటకో నియమం ఉంది. తెచ్చుకునే బ్యాంకు వేరు, తిరిగిచ్చే బ్యాంకు వేరు. రెండూ కలిపితే చూసి పారేసిన నాణేలే మళ్లీ చేతికొస్తాయి. పొరపాటున తిరిగొస్తే గుర్తుపట్టడానికి ఆర్విల్ తాను చూసిన నాణెం మీద చిన్న ఎర్ర చుక్క పెడతాడు. అయినా కొన్నాళ్లుగా అవే నాణేలు తిరిగొస్తున్నాయి. పైగా ఎర్ర చుక్క పక్కన ఎవరో నీలి చుక్క కూడా పెడుతున్నారు.

"ఎవడో వెధవ నా ఎంగిలి తిని నాకే వడ్డిస్తున్నాడు" అన్నాడు ఆర్విల్ ఆ ఉదయం కూడా.

"వాడింట్లో వాడి పెళ్లాం కూడా ఇదే మాట వింటూ ఉంటుందిలే, పాపం" అంది వెర్నా కోటు తొడుక్కుంటూ. ఆమె జుట్టు సెట్ చేయించుకోవడానికి బయల్దేరింది. "పోటీ రోజు కదా, అక్కడ ఆలస్యమవుతుంది. ఆకలేస్తే సూప్ వేడి చేసుకో. బల్ల మీద చుక్కలు పెట్టకు."

ఆమె అటు వెళ్లగానే ఇటు అదృష్టం తలుపు తట్టింది. ఒక కట్ట విప్పితే మధ్యలో ఒక నాణెం అంచు తెల్లగా మెరిసింది. మామూలు నాణేల అంచున ఉండే రాగి గీత లేదు. వెండి! కొన్ని నెలలుగా దొరకనిది దొరికేసరికి ఆర్విల్ కుర్చీలోంచి లేచి ఒక్కడే చిందులు వేశాడు. అయితే ఒకటి తీసేస్తే కట్టలో ఒకటి తగ్గుతుంది. నిండా ఇరవై లేకపోతే బ్యాంకువాళ్లు తీసుకోరు. అందుకే కిటికీ గట్టు మీద ఒక గిన్నెలో మామూలు అర డాలర్లు ఉంచుకుంటాడు. కళ్లు వెండి మీదే ఉంచి, చెయ్యి గట్టు మీదకు చాచి, తగిలిన నాణెం తీసి కట్టలో దోపి చుట్టేశాడు. ప్రతి నాణేన్నీ శల్యపరీక్ష చేసే మనిషి ఆ ఒక్కదాన్నీ చూడలేదు. పూరించేదాన్ని ఎవడు చూస్తాడు?

ఎల్క్‌టన్ వెళ్లి, కట్టలన్నీ ఇచ్చేసి, ఈల వేసుకుంటూ తిరిగొచ్చి, సూప్ గిన్నె ముందు కూర్చుని కిటికీ వైపు చూశాడు. చెంచా చేతిలోంచి జారింది. గిన్నెలో నాణేలు నిండుగానే ఉన్నాయి. గిన్నె పక్కన ఉండాల్సిన నాణెం లేదు.

అది వెర్నా తండ్రి రైన్‌హోల్డ్‌ది. పాతకాలపు వెండి అర డాలరు. ఆయన జీవితమంతా దాన్ని జేబులో వేసుకుని ఆవుల పాలు పితికాడు, పేకాడాడు, బొటనవేలితో రుద్దాడు. రుద్దీ రుద్దీ దాని మీది స్వేచ్ఛాదేవి ముఖమూ అరిగింది, తేదీ కూడా అరిగింది. పోయేముందు కూతురి చేతిలో పెట్టి వేళ్లు మూశాడు. దాన్ని ఆర్విల్ ముట్టుకోకూడదని వెర్నా ఆజ్ఞ. దాన్ని పట్టుకోనిదే ఆమె పేకముక్క ఎత్తదు.

ఆర్విల్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. వెర్నా తిడుతుందని కాదు. తిడితే బాగుండును. ఆమె ఏమీ అనదు, ఖాళీ గట్టు వైపు ఓసారి చూసి ఊరుకుంటుంది. తండ్రిది ఆమెకు మిగిలింది అదొక్కటే. పది డాలర్ల వెండి కోసం దాన్ని కాగితంలో చుట్టి బ్యాంకులో పారేసి వచ్చాడు తను. సాయంత్రం లోపల అది గట్టు మీదికి రాకపోతే ఆ చూపు తను భరించలేడు. నారింజ రంగు వేటకోటు తిరగేసి తొడుక్కుని కారెక్కాడు.

ఎల్క్‌టన్ బ్యాంకు కౌంటర్లో డెల్లా అతని వాలకం చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"నా కట్టలు నాకిచ్చెయ్యమ్మా. పొద్దున ఇచ్చినవే. ఎన్నుంటే అన్నీ."

"ఇన్నేళ్లూ మా నెత్తిన పోసి వెళ్లారు, ఇప్పుడు మళ్లీ అవే కావాలా? వాటిలో ఏం పెట్టారు మిస్టర్ టెష్?"

"ఏం పెట్టానో చెబితే నువ్వు నమ్మవు."

డెల్లా ముఖం పాలిపోయింది. "లేవండీ. ఇందాకే ఒకాయన తీసుకెళ్లారు. వారం వారం తీసుకెళ్తారు."

"ఎవరు?"

"కస్టమర్ల పేర్లు మేం చెప్పకూడదు." డెల్లా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కానీ ఆయన బండి నల్లగా, పొడుగ్గా ఉంటుంది. వెనక పరదాలుంటాయి."

అలాంటి బండి ఈ రెండు ఊళ్లకూ కలిపి ఒక్కటే ఉంది. అది శవపేటికలు మోసే బండి. దాని యజమాని ఎమ్మెట్ రాస్కీ. రైన్‌హోల్డ్‌ను సాగనంపింది కూడా ఆయనే.

రాస్కీగారి అంత్యక్రియల ఇంట్లో అడుగుపెట్టినవాళ్లను మాట్లాడనివ్వరు. ముందు కూర్చోబెట్టాలి, కాఫీ ఇవ్వాలి, భుజం మీద చెయ్యి వెయ్యాలి. అది ఆయన పద్ధతి. చెమటలు కక్కుతూ, కోటు తిరగేసుకుని వచ్చిన ఆర్విల్‌ను చూడగానే ఆయన చేతులు వాటంతటవే ఆ పని మొదలుపెట్టాయి. ముందుగదిలో కూర్చునే ఆయన చెల్లెలు హిల్డీ తలుపు సగం తీసి ఉంచింది, ఎప్పటిలాగే.

"వెర్నాయేనా?" అన్నాడు రాస్కీ మెత్తగా.

"వెర్నా సంగతే. నీకెలా తెలుసు?"

"నీ ముఖం చెబుతోంది. ఎప్పుడు జరిగింది?"

"పొద్దున. వంటింట్లో. నేను చూడనే లేదు ఎమ్మెట్, నా కళ్లు వేరేదాని మీదున్నాయి."

"నిన్ను నువ్వు నిందించుకోకు. ఇలాంటివి మన చేతుల్లో ఉండవు."

"నా చేతులతోనే చేశాను!"

భుజం తడుతున్న రాస్కీ చెయ్యి గాల్లో ఆగిపోయింది. తలుపు అవతల హిల్డీ అడుగుల చప్పుడు టెలిఫోను వైపు పరుగెత్తింది. ఆ ఆఖరి మాట మాత్రం ఆమె విన్నట్టు లేదు. వినుంటే వచ్చేది పోలీసులు. వినలేదు కాబట్టి వంటలొచ్చాయి.

"ఆర్విల్, నెమ్మదిగా చెప్పు. ఏం చేశావు?"

"ఎల్క్‌టన్ బ్యాంకు కట్టల్లో చుట్టేశాను. వాళ్ల నాన్న అర డాలరు. అది నీ దగ్గరుంది."

రాస్కీ కాఫీ కప్పు వెనక్కి లాక్కున్నాడు. సానుభూతి మొత్తం ముఖంలోంచి దిగిపోయి, దాని స్థానంలో ఆర్విల్ బాగా ఎరిగిన మెరుపొకటి వచ్చింది. తను అద్దంలో రోజూ చూసుకునేదే. "అయితే ఎర్ర చుక్క నువ్వేనా?"

"నీలి చుక్క నువ్వా!"

వెనకగదిలో నమూనా పేటికల మధ్య బల్ల మీద ఆర్విల్ కట్టలన్నీ విప్పి ఉన్నాయి. ఇన్నాళ్లుగా ఒకరు ఇచ్చేసే బ్యాంకులోనే మరొకరు తెచ్చుకుని, ఒకరి ఎంగిలి ఒకరు తింటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ వచ్చిన ఇద్దరూ ఆ బల్లకు చెరోవైపు నిలబడ్డారు. ముఖం అరిగిన నాణెం రాస్కీ అరచేతిలో ఉంది. గిన్నె పక్కన ఇన్నాళ్లూ దూరం నుంచి చూసినది అదే, సందేహం లేదు.

"అర డాలరుకు కొన్నావు. ఇరవై డాలర్లిస్తాను."

"డబ్బెందుకు? నీ చొక్కా జేబులోది ఇవ్వు." పేటికల ధరలు చెప్పేటప్పుడు ఆయన వాడే గొంతే అది.

"ఏం జేబు?"

"పంతొమ్మిది వందల ఇరవై ఒకటిది. నువ్వు చూపించని మనిషెవడున్నాడయ్యా ఈ జిల్లాలో? మీ మావగారి పేటిక పక్కన నిలబడి కూడా నాకు చూపించావు."

ఆర్విల్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. అది అతని జీవితానికంతటికీ ఒక్కటే పెద్ద వేట. వేల కట్టల్లో దొరికిన ఒకే ఒక్క అరుదైన నాణెం. దాన్ని ఎవరు ఎంతిస్తామన్నా ఇవ్వలేదు. ఇప్పుడు బల్ల మీద పెట్టేశాడు. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి మాత్రం కాస్త ఆలస్యమైంది.

"వెర్నాకు చెప్పకు ఎమ్మెట్."

"మా వృత్తిలో నోరు మూసుకోవడమే పెట్టుబడి" అన్నాడు రాస్కీ. పాపం, ఆయన నోరు మూసుకునే ఉన్నాడు. ఈలోగా ముందుగదిలో హిల్డీ మూడో ఫోను చేస్తోంది.

ఆర్విల్ ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. నాణెం పిడికిట్లో బిగించి మెట్లెక్కబోయి ఆగిపోయాడు. వరండా నిండా గిన్నెలు. మూతల మీద వెండికాగితం, అడుగున టేపు అంటించి రాసిన పేర్లు. బంగాళాదుంపల క్యాసరోలు, నూడుల్స్ క్యాసరోలు, హామ్ పెట్టిన బన్నులు పెద్ద ట్రేలో. హోల్బ్రూక్‌లో ఏ వరండా మీద ఇన్ని గిన్నెలు చేరినా దానికి ఒక్కటే అర్థం, ఆ ఇంట్లో ఎవరో పోయారు. చర్చి ఆడవాళ్లు ఒకరికొకరు చేసుకునే ఫోన్ల గొలుసు ఎన్నడూ తప్పు చెప్పలేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. తను బతికే ఉన్నాడు.

 అప్పుడే పక్కింటి బెర్నీస్ ష్మిట్ ఇంకో గిన్నెతో కంచె దాటి వచ్చి, ఆ గిన్నెతో సహా అతన్ని కావలించుకుంది. "అయ్యో ఆర్విల్! ఎంత మంచి మనిషయ్యా! పొద్దున కూడా నాకు చెయ్యి ఊపి వెళ్లింది!"

"ఎక్కడ? ఎక్కడుంది?"

"ఏమో నాయనా, నాకేం తెలుసు? అందరూ హాల్లోనే ఉన్నారు. ఆట మొదలెట్టే ముందు ఆమె పేరు మీద కాసేపు మౌనం పాటిస్తారట. పద, నేనూ వస్తున్నా."

కారు ఎలా నడిపాడో అతనికి తెలియదు. జుట్టు సెట్ చేయించుకోవడానికి వెళ్లిన మనిషి. తిరిగి వచ్చేలోపు నాణెం గట్టు మీద ఉండాలని తను దాని వెంట పరుగెత్తాడు, ఆమె వెంట ఉండలేదు. పిడికిట్లో నాణెం ఒత్తుకుంటోంది. దాన్ని కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. ఆమె లేనప్పుడు ఈ వెండి ఎవరికి?

హాల్లో అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఎక్కడో ఒకరు ముక్కు చీదారు. ఆర్విల్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి, సరిగ్గా ఎదురుగా వంటగది తలుపు తెరుచుకుంది. చేతిలో ఆవకాయ కంటే ఘాటైన గుర్రపుముల్లంగి పచ్చడి సీసా, తల మీద కదలని కొత్త జుట్టుతో, పార్లర్ నుంచి నేరుగా వెనకదారిన వచ్చి వంట సాయం చేస్తున్న వెర్నా బయటికి వచ్చింది.

"ఎవరు పోయారు?" అంది ఆమె మెల్లగా, తనూ తల వంచుతూ.

ఎవరో బల్ల కిందికి దూరారు. ఎవరో కెవ్వుమన్నారు. ఆర్విల్ కుర్చీలు తోసుకుంటూ వెళ్లి ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాడు. "నువ్వు బతికే ఉన్నావా?"

"అది నువ్వు నన్ను అడుగుతున్నావా?" అంది వెర్నా. చుట్టూ నల్లబట్టలు చూసింది. సంగతి అర్థం కావడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. "ఎవరు చెప్పారు?"

"హిల్డీ" అన్నారు నలుగురు.

"హిల్డీకి ఎవరు చెప్పారు?"

 అందరి చూపులూ ఆర్విల్ మీదకు తిరిగాయి. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఇక దాచే ఓపిక లేదు. పిడికిలి విప్పి, నాణెం ఆమె చేతిలో పెట్టి, వెండి అంచు దగ్గర్నుంచి నల్లబండి దాకా అంతా చెప్పేశాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాడు. "మీ నాన్నది పోగొట్టానని చచ్చేంత భయపడ్డాను వెర్నా. తరవాత నువ్వే పోయావనుకున్నాను. అప్పుడు తెలిసింది, మొదటిది అసలు భయమే కాదు."

వెర్నా నాణేన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదా? దీన్ని కిందటేడు పాతసామాన్ల అమ్మకంలో కొన్నాను." ఆమె కాలరు లోంచి సన్నని గొలుసు బయటికి లాగింది. దాని చివర చిన్న సంచీలో అర డాలరు ఉంది, ముఖం లేనిదే. "నాన్నది ఇదిగో. అర డాలరు కంటబడితే కాగితంలో చుట్టేసే మనిషితో కాపురం చేస్తూ, నాన్న నాణేన్ని కిటికీలో పెడతానా?"

"మరి అక్కడ పెట్టింది?"

"నీ కోసం. ఎప్పటికైనా చుట్టేస్తావని తెలుసు. ఇంతకీ దీన్ని ఆ రాస్కీ ఎంతకు విడిచాడు?"

ఆర్విల్ ఖాళీ జేబు తడుముకున్నాడు. "నా ఇరవై ఒకటిది."

వెర్నా నవ్వబోయి ఆగింది. ఆ నాణెం కోసం అతను ఎన్ని శీతాకాలాలు బల్ల ముందు కూర్చున్నాడో ఆమెకు తెలుసు. పచ్చడి సీసా పక్కన పెట్టి, చేతిరుమాలు తీసి, అందరి ముందూ అతని కళ్లు తుడిచింది.

"వెర్రిమాలోకం" అంది. "రా, నా పక్కన కూర్చో. రేపు ఆ రాస్కీ సంగతి నేను చూస్తాను."

ఆ ఏటి కప్పు వెర్నాకే దక్కింది. అప్పటికే పోయిందని తాము ఏడ్చేసిన మనిషిని ఓడించడానికి హాల్లో ఎవరికీ మనసొప్పలేదు.