కొంగల కోచ్‌ని పీకేశారట

సెప్టెంబరు చివరి వారంలో ఒక మంగళవారం పొద్దున ఎమెట్ స్ట్రాడర్ కుడి దవడ పట్టుకుని అద్దం ముందు నిలబడి, ఆ రోజుకు రెండే పనులు పెట్టుకున్నాడు. ఒకటి, నెల రోజులుగా ప్రాణం తీస్తున్న పన్ను పీకించుకోవడం. రెండోది, మధ్యాహ్నానికి మైదానానికి వచ్చి ఆట ఆడించడం. ఊళ్లో ఇంకెవరినైనా అడిగితే, రెండోది కాస్త మార్చి, మైదానానికి వచ్చి ఓడిపోవడం అని చెప్పేవారు.

అమెరికాలో ఎరీ సరస్సు ఒడ్డునున్న పోర్ట్ హాల్డెన్‌కు ఒక ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు ఉంది. పేరు హెరన్స్. అంటే కొంగలు. చొక్కాల మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ ఉంటుంది. ఆ ఏడాది జట్టు కూడా ఆ బొమ్మలాగే ఏప్రిల్ నుంచి పట్టిక అడుగున కదలకుండా నిలబడింది. మొదట్లో జనం చలి వల్ల అన్నారు. జూన్‌లో గాయాల వల్ల అన్నారు. ఆగస్టు వచ్చేసరికి ఎవరూ ఏమీ అనడం మానేశారు. జట్టు కోచ్ ఎమెట్‌ను ఎక్కువగా బాధపెట్టింది అదే. తిట్టేవాళ్లు ఉన్నంతకాలం ఎవరో ఒకరు ఆట చూస్తున్నట్టే లెక్క.

డాక్టరు దగ్గరకు వెళ్లేదారిలో ఆయన స్టేడియంలోని తన గదిలోకి తొంగిచూశాడు. రాత్రి కురిసిన వానకు కప్పు కారి, గోడ మీది ఫోటోలన్నీ తడిసిపోయాయి. పాత జట్లు, పాత గెలుపులు, ఒక దాంట్లో ఆయన నెత్తి మీద జుట్టు కూడా ఉంది. వాటిని ఇంట్లో ఆరబెడదామని ఒక అట్టపెట్టెలో సర్దుకుని బయటకు నడిచాడు. గేటు దగ్గర కాపలా ఉండే క్లైడ్ బాస్కిన్ ఆ పెట్టె చూశాడు.

"ఏంటి కోచ్, సామాను సర్దేశారు?"

నోరు తెరిస్తే చల్లగాలికి పన్ను జివ్వుమంటోంది. ఎమెట్ పెదాలు కదపకుండానే మాట్లాడాడు. "ఇవాళ పీకేస్తున్నారు క్లైడ్."

క్లైడ్ నోటిదాకా వెళ్లిన కాఫీ కప్పు అక్కడే ఆగిపోయింది. "ఇవాళేనా? సీజన్ అయ్యేదాకానైనా ఆగకూడదా?"

"నేనే ఆపుతూ వచ్చా. ఆగస్టు నుంచీ చెబుతూనే ఉన్నారు, ఇక లాభం లేదని. లోపలంతా పుచ్చిపోయిందట. ఉంచితే పక్కవాటికి కూడా పాకుతుందట."

"అంత మాటన్నారా మిమ్మల్ని?"

"ఉన్నదే కదా అన్నారు. పోతే నాకూ హాయే. రాత్రిళ్లు నిద్రయినా పడుతుంది."

క్లైడ్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఎమెట్‌కు అది కొంచెం ఎక్కువనిపించింది గానీ, పంటినొప్పి పడ్డవాడికే తెలుస్తుంది కాబోలు అనుకుని కారెక్కాడు.

తర్వాత జరిగింది ఎమెట్‌కు ఆ సాయంత్రానికి గానీ పూర్తిగా తెలియలేదు. క్లైడ్ బావమరిది గస్ పెటాకీ స్థానిక రేడియోలో పొద్దుటి ఆటల కబుర్లు చెబుతాడు. క్లైడ్ ఫోన్ చేసి, గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పొద్దని చెప్పాడు. గస్ ఎవరికీ చెప్పలేదు, రేడియోలో చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా జట్టు జనరల్ మేనేజర్ ట్రెంట్ హోలవేకి నేరుగా ప్రసారంలోనే ఫోన్ కలిపాడు.

ట్రెంట్‌కు ఈ సంగతి అప్పుడే తెలిసింది. కోచ్‌ని తీసేస్తే తనకే తెలియలేదని ఊరంతా వింటుంటే ఎలా ఒప్పుకుంటాడు? రెండు క్షణాలు ఆలోచించాడు. "ఈ నిర్ణయం పైస్థాయిలో జరిగింది, గస్. ఇంతకంటే నేను మాట్లాడకూడదు," అన్నాడు.

ఆ జట్టులో ట్రెంట్‌కు పైన ఉన్నది ఒక్కరే. యజమానురాలు మిసెస్ వాన్ ఆల్‌స్టైన్. ఎనభై దాటిన మనిషి, అప్పుడే గుడ్డు పెంకు పగలగొట్టుకుంటూ రేడియో వింటోంది. పైస్థాయి అంటే తనే. తను ఎప్పుడు తీసేసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఈమధ్య ఆవిడ పిల్లలు, అమ్మకు మతిమరుపు వస్తోంది, జట్టు అమ్మేయడం మంచిదని వంటగదిలో గుసగుసలాడుకోవడం ఆవిడ చెవిన పడింది. ఆవిడ చెంచా కింద పెట్టేసింది. కాసేపటికి పత్రికలవాళ్ల ఫోన్ వచ్చింది. "అవును. బాగా ఆలోచించే చేశాను," అంది గట్టిగా.

ఆ సమయానికి ఎమెట్ డాక్టర్ ఫెల్ప్స్ కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. దవడ మొద్దుబారింది, నోట్లో దూది, దూది పక్కన పట్టకారు. గోడవార రేడియోలో గస్ విచారంగా చెబుతున్నాడు: "మన కోచ్ స్ట్రాడర్‌ని తొలగించినట్టు యజమానురాలే ధ్రువీకరించారు."

డాక్టరు చెయ్యి ఆగింది. నర్సు రేడియో కట్టేసింది. ఎమెట్ నోరు బార్లా తెరుచుకుని కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. మూసే వీలు కూడా లేదు.

"సారీ, కోచ్," అన్నాడు డాక్టరు. ఇంకేం అనాలో తోచక పన్ను లాగేశాడు.

నాకెందుకు చెప్పలేదని ఎమెట్‌కు అనుమానం రాలేదు. ఆ వృత్తిలో మనిషి సంగతి అందరికంటే ఆఖర్న ఆ మనిషికి తెలుస్తుంది. ఇంతకుముందు పనిచేసిన ఊళ్లో టాక్సీ డ్రైవరు చెప్పాడు, బాడుగ తీసుకున్నాక. ఎమెట్ తన కారులో కూర్చుని తాళం తిప్పకుండా చాలాసేపు ఉండిపోయాడు. కోపం రాలేదు. ముప్పయ్యేళ్లు చేసిన పని చేతుల్లోంచి జారిపోతే కోపమైనా రావాలి కదా అని ఎదురుచూశాడు. రాలేదు. అప్పుడే భార్య డార్లీన్ ఫోన్ చేసింది.

"ఎమెట్, విన్నాను. నువ్వేం బాధపడకు."

మొద్దుబారిన పెదాలు కలవడం లేదు. "నేను హాగానే ఉన్నా."

"గొంతు అలా ఉందేంటి? ఏడుస్తున్నావా?"

"ఏడవట్లేదు. హన్ను హీకారు."

"పీకారని తెలుసు, రేడియోలో చెప్పారు. ఏడిస్తే ఏడువు, తప్పేం లేదు. మా అక్కకు ఫోన్ చేసేశా. చలికాలమంతా వాళ్లింట్లోనే ఉందాం." పంటి సంగతి ఆమె మరిచే పోయింది. గొంతులో సంతోషం దాచినా దాగడం లేదు. ఎమెట్ "ఊఁ" అన్నాడు. ఆ ఒక్కటీ బాగానే పలికింది.

మిగిలిన సామాను కోసం స్టేడియానికి తిరిగివెళితే, గదిలో జట్టు క్యాచర్ ఆడియెల్ రోసారియో కూర్చుని ఉన్నాడు. ఆరడుగుల మనిషి, కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు.

"కోచ్, పోయేముందు ఒకటి అడగాలి. మా తప్పేంటో మాకు తెలియాలి. మీరు సైగ చేసిన ప్రతిసారీ మేం పరుగెత్తాం. ఒక్కసారి కూడా మానలేదు."

"ఏ సైగ?"

"చెవి. మీరు చెవి ముట్టుకుంటే తర్వాతి బేస్‌కి దూసుకుపొమ్మని కదా. సీజనంతా దూసుకుపోయాం. సీజనంతా అవుటయ్యాం. ఇంత మొండిగా ఎందుకు పంపిస్తున్నారో అని కుర్రాళ్లు అనుకునేవాళ్లు. కానీ మీ మాట కాదనలేదు."

ఎమెట్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. కొత్త టోపీ అంచు ఒరుసుకుని ఏప్రిల్ నుంచీ ఆయన చెవి దురదపెడుతోంది. అసలు దూసుకుపొమ్మనే సైగ చెవి కాదు, మోచేయి ముట్టుకోవడం.

"చెవి... గోక్కున్నా," అన్నాడు కష్టపడి.

"అవును కోచ్. గోక్కున్నప్పుడల్లా పరుగెత్తాం." ఆడియెల్ కళ్లు తుడుచుకుని, ఆయన్ని ఒకసారి గట్టిగా కావలించుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంట్లో ఉండి ఏం చేస్తారో ఎమెట్‌కు తెలియదు. అందుకని టోపీ జేబులో కుక్కుకుని, కోటు కాలర్ పైకి లాక్కుని, స్టాండ్‌లో పై వరసకు ఎక్కి కూర్చున్నాడు. సరస్సు మీంచి పొగమంచు వస్తోంది. పక్కన ఒకావిడ ఒడిలో దుప్పటి కప్పుకుని పాప్‌కార్న్ తింటోంది. పేరు బెర్నీస్ అని ఆవిడే చెప్పింది, మొదటి ఆట నుంచీ ఒక్కటీ మానలేదని కూడా. మైదానం అంచున జట్టు కూర్చునే డగౌట్‌లోంచి ఆ గొంతు ఎమెట్ చాలాసార్లు విన్నాడు. టోపీ లేని బట్టతలను ఆవిడ పోల్చుకోలేదు.

"పీకేశారటగా ఆ స్ట్రాడర్‌ని," అంది. "ఏప్రిల్‌లోనే పీకాల్సింది. చేతకాని మనిషి. కానీ పాపం, ఎంత ఓడినా డగౌట్ మెట్టు మీద నిలబడే ఉండేవాడు, ఎప్పుడూ కూర్చోలేదు. నేను చూసేదాన్ని."

ఎమెట్ కోటు కాలర్ ఇంకాస్త పైకి లాక్కున్నాడు. ఆ ఏడాదంతా తన గురించి ఎవరైనా అన్న మంచిమాట అదొక్కటే.

కింద ఆట మాత్రం వింతగా నడుస్తోంది. బాధ్యత తీసుకున్న సహాయ కోచ్‌కు సైగలు రావు, చెవి దురదా లేదు. ఎవరూ అనవసరంగా పరుగెత్తలేదు. కొట్టగలిగిన బంతి కొట్టారు, ఆగాల్సినచోట ఆగారు. తొమ్మిదింటిలో ఎనిమిదో ఇన్నింగ్స్‌కు కొంగలు మూడు పరుగుల ముందున్నాయి. ఎమెట్ చప్పట్లు కొట్టబోయి, ఆనందించవచ్చో లేదో తేల్చుకోలేక చేతులు కట్టుకున్నాడు.

కెమెరావాడికి ఏం తోచిందో, పెద్ద తెర మీద హఠాత్తుగా ఎమెట్ ముఖం కనిపించింది. మత్తు ఇంకా వదలని మూతి పక్కగా జారి ఉంది. కారుతున్న చొంగను ఆయన చేతిరుమాలుతో అద్దుకుంటున్నాడు. చూసేవాళ్లకు అది వెక్కివెక్కి ఏడుస్తున్నట్టు ఉంది. ముందు ఒకరు, తర్వాత పదిమంది, తర్వాత ఆటకొచ్చిన ఆ కొద్దిమందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బెర్నీస్ తెర వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసి, పాప్‌కార్న్ డబ్బా ఆయన ఒళ్లో పెట్టింది. ఈసారి ఎమెట్ నిజంగానే ఏడ్చాడు.

పైన అద్దాల గదిలో మిసెస్ వాన్ ఆల్‌స్టైన్ కూడా కళ్లద్దాలు తుడుచుకుంది. "ఇలాంటి మనిషిని ఎందుకు తీసేశాం ట్రెంట్?"

ట్రెంట్ పొద్దుటి నుంచీ మింగుకుంటున్న కోపం బయటపడింది. "నన్నడుగుతారేంటి మేడమ్? నాకొక్క మాటైనా చెప్పకుండా మీరే తీసేశారు."

"నేనా? పైస్థాయిలో జరిగిందని నువ్వు చెబితే కదా నాకు తెలిసింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొద్ది నిమిషాల్లో ఇద్దరూ మెట్లెక్కి, రొప్పుతూ పై వరసకు వచ్చారు. వెనకే గస్ పెటాకీ, చేతిలో రేడియోకూ స్టేడియం స్పీకర్లకూ కలిపిన మైకు.

"కోచ్, సూటిగా చెప్పండి," అన్నాడు ట్రెంట్ గొంతు తగ్గించి. "ఇవాళ పీకేస్తున్నారని పొద్దున క్లైడ్‌తో అన్నారట. పీకిందెవరు?"

అప్పటికి ఎమెట్ పెదాలకు ప్రాణం వచ్చింది. "డాక్టర్ ఫెల్ప్స్."

"ఏ డాక్టరు?"

"పళ్ల డాక్టరు."

ముందుగా తేరుకున్నది మిసెస్ వాన్ ఆల్‌స్టైన్. మతి పోలేదన్న సంతోషం ఆవిడ ముఖంలో వెలిగింది. కానీ బాగా ఆలోచించే చేశానని తనే పత్రికలకు చెప్పి కూర్చుంది. పిల్లలు ఇంట్లో రేడియో పెట్టుకునే ఉంటారు. ఆవిడ గస్ చేతిలో మైకు లాక్కుంది.

"నేను బాగా ఆలోచించి చేసింది ఇది," అంది. స్టేడియమంతా ఆవిడ గొంతు మోగింది. "ఎమెట్ స్ట్రాడర్ ఎక్కడికీ పోడు. ఇంకో రెండేళ్లు మనతోనే ఉంటాడు."

చప్పట్లు ఆగిపోయాయి. నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. బెర్నీస్ వంగి, ఎమెట్ ఒళ్లోంచి పాప్‌కార్న్ డబ్బా నెమ్మదిగా తీసుకుంది.

"వెళ్లండి కోచ్, జట్టు ఎదురుచూస్తోంది," అన్నాడు ట్రెంట్.

డగౌట్‌లో కుర్రాళ్లు ఆయన్ని చూసి నిటారుగా కూర్చున్నారు, సెలవు మధ్యలో మాస్టారు తిరిగొచ్చిన తరగతిలా. ఆడియెల్ ఒక్కడే నవ్వాడు, అదీ సగమే. ఎమెట్ చెవి భగ్గుమంటోంది. చేతులు రెండూ జేబుల్లో దోపుకుని బిగబట్టి నిలబడ్డాడు. చేతులు జేబుల్లో పెట్టుకుంటే ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఒకడు పరుగెత్తాడు, ఒకడు ఆగాడు, ఇద్దరు ఒకే బంతికి ఎదురెళ్లి గుద్దుకున్నారు. ఆట అయ్యేసరికి కొంగలు ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాయి.

ఇంటికి వెళ్లేసరికి చీకటి పడుతోంది. డార్లీన్ వంటగదిలో కూర్చుని ఉంది. దించిన సూట్‌కేసు మళ్లీ అటక మీదకు ఎక్కించలేదు, తెరవనూ లేదు.

"రెండేళ్లా?" అంది.

"రెండేళ్లే."

"కాదనలేకపోయావా?"

"మైకు ఆవిడ చేతిలో ఉంది."

డార్లీన్ కోపం తెచ్చుకోబోయి, ఆయన వాచిన దవడ చూసి మానుకుంది. బల్ల మీద ఫాయిల్ కప్పిన గిన్నె చూపించింది. "పక్కింటి మిసెస్ యోడర్ ఇచ్చి వెళ్లింది. చికెన్, నూడుల్స్. ఉద్యోగం పోయిందని విని పొద్దున్నే తెచ్చింది పాపం. మెత్తగానే ఉంది, తినగలవు."

ఎమెట్ ఎడమ పక్కన నములుతూ రెండు చెంచాలు తిన్నాడో లేదో, తలుపు గంట మోగింది. గుమ్మంలో మిసెస్ యోడరే. ఆవిడ ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు వదల్లేదు.

"ఇప్పుడే రేడియోలో విన్నాను," అంది మెల్లగా. "ఇంకో రెండేళ్లట కదా. ధైర్యంగా ఉండండి." గుమ్మం పక్క దించిన గిన్నె తీసి ఆయన చేతికిచ్చి వెళ్లిపోయింది.

ఉద్యోగం పోయిందన్నప్పుడు తెచ్చిన దానికంటే ఈ గిన్నె పెద్దది.